గూడెం కొండలు చెప్పే నాయకత్వం

నలుగురిచేత పని చేయించాల్సినవాళ్లు రంప పితూరీని ఒకసారి ఈ కోణంలో చదవాలి. డ్వాక్రా సంఘం నడిపే మహిళైనా, ఆఫీసులో టీమ్ లీడరైనా సరే. జీతం లేదు, గెలుస్తామన్న భరోసా లేదు. అయినా 1922 ఆగస్టు నుంచి 1924 మే దాకా గూడెం, రంప కొండల మనుషులు బ్రిటిష్ బలగాలకు ఎదురునిలిచారు. అల్లూరి సీతారామరాజు వాళ్లను ఎలా కలుపుకుపోయాడు?

ముందు వాళ్ల గోడు విన్నాడు. 1917లో కృష్ణదేవిపేట చేరేనాటికి ఆయన మైదానం నుంచి వచ్చిన పరాయివాడు. పోరాటానికి పిలుపు ఇచ్చింది ఐదేళ్ల తర్వాతే. ఈలోగా వైద్యం చేశాడు, తాగుడు మానమన్నాడు, తగాదాలు పంచాయతీల్లో తీర్చుకొమ్మన్నాడు. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి, వాళ్లను ఎంత కాల్చాయో దగ్గరుండి చూశాడు. అందుకే ఆ పిలుపు వాళ్లకు తమ మాటలాగే వినిపించింది.

రెండోది, బాధ్యత పంచాడు. గాం గంటం దొర, మల్లు దొర సోదరులు ఆ కొండల బిడ్డలు. ఏ దారి ఎటు పోతుందో, ఏ ఊళ్లో ఎవరిని నమ్మవచ్చో వాళ్లకు తెలిసినంత ఆయనకు తెలియదు. వాళ్లను వెంట నడిచే అనుచరులుగా కాక ముందుండి నడిపించే దళనేతలుగా నిలబెట్టాడు. తనకు తెలియనిది తెలిసినవాళ్ల చేతికి పని అప్పగించడం నాయకుడికి చిన్నతనం కాదు.

మూడోది, అందరికీ అర్థమయ్యే ఒక నియమం పెట్టాడు: గురి ఆంగ్లేయులపైనే, భారతీయులపై కాదు. పోరాటం మొదట్లో, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలో ఆయుధాలు పట్టుకెళ్లారు. ఆ నియమం సెప్టెంబరు 24న కనిపించింది: దామనపల్లి ఘాటీలో మాటువేసినప్పుడు ముందు నడుస్తున్న భారతీయ పోలీసుల్ని పోనిచ్చి, ఆంగ్ల అధికారులు కవర్డ్, హైటర్‌లపైనే గురిపెట్టారు. పొదల్లో విడివిడిగా దాక్కున్న మనుషులకు అప్పటికప్పుడు ఆజ్ఞలు అందవు. మన శత్రువు ఎవరు, ఎవరు కాదు అన్నది ముందే మనసుకెక్కి ఉండాలి. పక్కన నిలబడి ప్రతి పనీ చూసుకునే పెద్దలు గమనించాల్సింది ఇదే.

అయితే ఒక లోటూ కనిపిస్తుంది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. కొన్ని వారాల్లోనే గంటం దొర నేలకొరిగాడు, పితూరీ చల్లారింది. మల్లు దొర అప్పటికే జైల్లో ఉన్నాడు. అదే మల్లు దొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అంటే సత్తా ఉన్న మనుషులకు కొరత లేదు. నాయకుడు పోయాక పగ్గాలు అందుకునే ఏర్పాటే లేకపోయింది. అణచివేత నడుమ ఆ ఏర్పాటుకు వ్యవధి దొరకలేదు. మనకు ఆ సాకు లేదు.

కాబట్టి మీ బృందంలో రేపు మీ పని అందుకోగలవాళ్లు ఎవరో ఈరోజే గుర్తించండి. ఒక నిర్ణయం వాళ్లకే వదిలి చూడండి.