హార్డ్ డిస్క్ మొరాయిస్తే...

హాస్టల్లో ఒకరి కంప్యూటర్‌లో పదిమంది ప్రాజెక్టు రిపోర్టులు, స్కాన్ చేసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఉంటాయి. ఒకరోజు స్విచ్ వేస్తే తెర నల్లబడి ‘బూట్ డివైస్ నాట్ ఫౌండ్’ అని వస్తే కంగారుపడకండి. కంప్యూటర్ లేవకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు.

ముందు కరెంటు ఆపి, హార్డ్ డిస్క్‌కు వెళ్లే రెండు కేబుళ్లూ గట్టిగా ఉన్నాయేమో చూడండి. తర్వాత బయోస్‌లో డిస్క్ పేరు కనిపిస్తోందా గమనించండి. కనిపిస్తే, విండోస్ ఒక్కటే దెబ్బతిని ఉండవచ్చు. వెంటనే ఫార్మాట్ కొట్టించకండి. వేరే కంప్యూటర్‌లో ఉబుంటును ఉచితంగా దించుకుని పెన్ డ్రైవ్‌ను బూటబుల్‌గా తయారు చేసుకోండి. దానితో ఆన్ చేసి ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుంటే, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే పాత ఫైళ్లు తెరవవచ్చు. బిట్‌లాకర్ వేసి ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి. ఫైళ్లన్నీ ఇంకో డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాకే విండోస్ మళ్లీ వేయాలి.

డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే పదేపదే ఆన్ చేయొద్దు. లోపలి పళ్లేలపై గీతలు పడి, ఉన్నదీ పోవచ్చు. ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకు చూపించాలి.

అన్నిటికంటే మేలు, ప్రతి ఫైలూ రెండుచోట్ల దాచుకోవడం. పోయిన సర్టిఫికెట్ కోసం మళ్లీ మండలాఫీసు చుట్టూ తిరిగితే పోయేది నాన్న కూలి డబ్బులే కదా!