భుజంలో గింజలు, 4 మిల్లీమీటర్ల కెమెరా

లక్ష మందిలో ఒకరు. సైనోవియల్ కాండ్రోమాటోసిస్ అనే జబ్బుకు వైద్యపుస్తకాలు సాధారణంగా ఇచ్చే లెక్క ఇది. ఆ కొద్దిమందిలోనూ సగానికి పైగా మోకాలి నొప్పితోనే వస్తారు. ఆ తర్వాత తుంటి, మోచేయి. భుజం వంతు నూటికి 5 దాటదు. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య వాళ్లకు వస్తుంది. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో దాదాపు రెట్టింపు. ఇంత అరుదు కాబట్టే భుజం నొప్పి అనగానే ఇది ఎవరికీ గుర్తుకు రాదు.

నడివయసులో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకు భుజం పట్టేస్తే ఫ్రోజెన్ షోల్డర్ అనుకోవడం సహజమే. అది నూటికి 2 నుంచి 5 మందికి వచ్చే సమస్య. నొప్పి, చెయ్యి పైకి లేవకపోవడం రెండింటిలోనూ ఉంటాయి. అయితే సైనోవియల్ కాండ్రోమాటోసిస్‌లో చెయ్యి తిప్పినప్పుడు లోపల కటుక్కుమంటుంది, ఒక్కోసారి సగంలో ఇరుక్కుపోతుంది కూడా. కీలులో ఊడిపడిన మృదులాస్థి ముక్కలకు సున్నం పట్టి ఉంటే ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. 70 నుంచి 95 శాతం మందిలో ఇలా కనిపిస్తాయని అంచనా. మిగతావాళ్ల ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, ఎమ్మారై తీస్తేనే బయటపడుతుంది. నెలల తరబడి ఫిజియోథెరపీ చేసినా లొంగని భుజానికి, ఎక్స్‌రే బాగుందన్న ధీమాతో ఎమ్మారై వాయిదా వేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

అసలు లోపల జరిగేదేమిటి? కీలుకు లోపలివైపు సైనోవియం అనే పలుచని పొర ఉంటుంది. కీలు ఒరుసుకోకుండా జిగురు ద్రవాన్ని ఊరించడం దాని పని. ఈ జబ్బులో ఆ పొరలోనే మృదులాస్థి బుడిపెలు పుడతాయి, తర్వాత ఊడి కీలులో పడతాయి. మృదులాస్థికి రక్తనాళాలతో పనిలేదు, కీలు ద్రవమే దానికి ఆహారం. అందుకే ఊడిపడిన ముక్క కూడా పెరుగుతూనే ఉంటుంది. సగ్గుబియ్యం గింజంతవి పదుల్లో, కొందరిలో వందల్లో ఉంటాయి. ఎఫ్‌ఎన్1, ఏసీవీఆర్2ఏ అనే రెండు జన్యువులు అతుక్కుపోవడం చాలా కేసుల్లో కనిపించింది.

1977లో మిల్‌గ్రామ్ ఈ జబ్బును మూడు దశలుగా విడగొట్టారు. మొదటి దశలో జబ్బంతా పొరలోనే ఉంటుంది, ఊడిన ముక్కలుండవు. రెండో దశలో పొరలోనూ ఉంటుంది, ముక్కలూ ఉంటాయి. మూడో దశకు పొర చల్లబడుతుంది, ముక్కలే మిగులుతాయి. ఆపరేషన్‌లో ఏం చేయాలన్నది ఈ దశను బట్టే ఉంటుంది. పొర ఇంకా చురుగ్గా ఉండగా ముక్కలు మాత్రమే ఏరేస్తే మళ్లీ పుట్టుకొస్తాయి. అందుకే సర్జన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని ముక్కలున్నాయి?’ అని కాదు, ‘పొర ఎలా ఉంది?’ అని.

ఈ ఆపరేషన్‌కు వాడే కీహోల్ పద్ధతికి, అంటే కెమెరాతో కీలులోకి చూడటానికి, నూరేళ్లు దాటాయి. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయం చూసే గొట్టంతో ఒక మృతదేహం మోకాలిలోకి చూశారు. ఇప్పటి గొట్టం మందం 4 మిల్లీమీటర్లు, కొసన అద్దం 30 డిగ్రీల వాలులో ఉంటుంది. భుజం పైఎముక వెనక మూల నుంచి సుమారు 2 సెంటీమీటర్లు కిందికి, 1 సెంటీమీటరు లోపలికి జరిగి చిన్న గాటు పెడతారు. కెమెరా వెళ్లేది అక్కడి నుంచే. సెలైన్ ఎక్కించి కీలును ఉబ్బిస్తారు. ముందువైపు రంధ్రంలో 7, 8 మిల్లీమీటర్ల గొట్టం బిగిస్తారు. చిన్న ముక్కలు నీళ్లతోపాటు కొట్టుకొస్తాయి. పెద్దవాటిని పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగాలి. గొట్టంలో పట్టనిదాన్ని తుంచాలి, లేదా గాటు కాస్త పెంచాలి. తర్వాత జబ్బుపడిన పొరను షేవర్‌తో గీకేస్తారు.

కష్టమంతా మూలల్లోనే. చంక వైపు వేలాడే సంచిలో ముక్కలు చేరతాయి. చేతి పైకండరాన్ని, చర్మంలో కొంతభాగం స్పర్శను నడిపే ఆగ్జిలరీ నరం ఆ సంచి గోడకు చాలా దగ్గరగా వెళుతుంది. షేవర్ అక్కడ తొందరపడకూడదు. బైసెప్స్ స్నాయువు చుట్టూ ఉండే తొడుగుకూ కీలుకూ దారి ఉంటుంది, ముక్కలు అందులోకి జారతాయి. కెమెరా అంత దూరం చూడలేదు. అలాంటప్పుడు ఆ చోట విడిగా చిన్న కోత పెట్టి తీయడమే మంచిది. కీహోల్‌గా మొదలుపెట్టాం కాబట్టి కీహోల్‌గానే ముగించాలన్న పట్టుదల రోగికి మేలు చేయదు.

పాత పద్ధతిలో భుజం ముందు పొడవాటి కోత పెట్టి, సబ్‌స్కాపులారిస్ కండరాన్ని విడదీసి, మళ్లీ కుట్టేవాళ్లు. ఆ కుట్టు అతుక్కునేదాకా వారాల తరబడి చెయ్యిని బయటికి తిప్పనివ్వరు. కీహోల్‌లో ఆ కండరం జోలికి పోరు గనుక కొద్దిరోజుల్లోనే చెయ్యి కదిలించడం మొదలుపెట్టవచ్చు.

తిరగబెట్టే అవకాశం 3 నుంచి 23 శాతం అని వేర్వేరు పరిశీలనలు చెబుతున్నాయి. క్యాన్సర్‌గా, అంటే కాండ్రోసార్కోమాగా మారడం చాలా అరుదు, కొన్ని పరిశీలనల్లో 5 శాతం దాకా నమోదైంది. తీసిన ముక్కలనూ పొరనూ బయాప్సీకి పంపక తప్పదు. అక్కడొక చిక్కుంది: ఈ జబ్బు ప్రమాదం లేనిదైనా, కణాలు మైక్రోస్కోపులో క్యాన్సర్ కణాల్లా వికారంగా కనిపించగలవు. గాజుపలకను మాత్రమే చూస్తే పొరబడే వీలుంది కాబట్టి ముక్కలున్న సీసాతోపాటు ఎక్స్‌రే, ఎమ్మారై ఫిల్ములు కూడా పాథాలజిస్టు బల్ల మీదికి చేరాలి.