సెరిబ్రల్ పాల్సీ: ఇంట్లో ఆన్‌లైన్ థెరపీపై అపోహలు – వాస్తవాలు

ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లకు పైనే. సెరిబ్రల్ పాల్సీ వల్ల మెడ నిలవని బిడ్డను చంకనేసుకుని, కూలి మానుకుని వారం వారం అంత దూరం థెరపీకి తిరగడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా కుటుంబాలకు కుదరని పని. వీడియో కాల్‌లో థెరపిస్టు చెబుతుంటే ఇంట్లోనే చేయించే వీలు ఇప్పుడుంది. దాన్ని అందుకోనివ్వని అపోహలే ఎక్కువ.

అపోహ: గ్రహణం పట్టో, గాలి సోకో పిల్లలు ఇలా పుడతారు.
వాస్తవం: ఎదుగుతున్న మెదడు దెబ్బతినడమే కారణం. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టాక కామెర్లు ముదరడం, మెదడుకు ఇన్ఫెక్షన్ సోకడం వంటివి దీనికి దారితీస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. తల్లి తప్పు అసలే కాదు.

అపోహ: కొందరికి ఆలస్యంగా నడక వస్తుంది, ఆగి చూద్దాం.
వాస్తవం: మెదడు అత్యంత చురుగ్గా నేర్చుకునేది తొలి రెండేళ్లలోనే. ఐదు నెలలకీ మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకీ ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, ఏడాది నిండకుండానే ఒక్క చేతినే వాడుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) పథకం ఇలాంటి పిల్లలను ముందే గుర్తించడానికే.

అపోహ: ఫోన్లో చూసి చేయించేది వైద్యమా?
వాస్తవం: వారానికో గంట ఆసుపత్రిలో చేయించేదానికన్నా రోజూ ఇంట్లో చేసేదే బిడ్డకు అలవాటవుతుంది. ఉదాహరణకు, ఫోన్‌ను బిందెకు ఆనించి, బిడ్డను గోడవారగా పీటపై నిటారుగా కూర్చోబెట్టి తల్లి చోడి అంబలి పెడుతుంది. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, చెంచాను ఎదురుగా పట్టి బిడ్డే చెయ్యి చాచేదాకా ఆగాలనీ థెరపిస్టు చెబుతాడు. తినిపించడమే థెరపీ అయింది. అయితే మొదటి పరీక్ష నేరుగానే జరగాలి. తుంటి ఎక్స్‌రేకు, మూర్ఛకు, మింగలేని ఇబ్బందికి ఆసుపత్రికి వెళ్లక తప్పదు.

అపోహ: కాళ్లూ చేతులూ గట్టిగా లాగి మర్దన చేస్తే చాలు.
వాస్తవం: మనం లాగితే కదలడం వేరు, బిడ్డ తనంతట తాను కదలడం వేరు. రెండోదే మెదడుకు పాఠం. బలవంతంగా లాగితే నొప్పి, గాయం మిగులుతాయి.

అపోహ: మాట రాకపోతే బుద్ధి లేనట్టే.
వాస్తవం: ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి మేధోవైకల్యం ఉండదు. చాలామందికి నోటి కండరాలు పట్టు తప్పడం వల్ల మాట రాదు. బొమ్మల చార్టు ఇస్తే వేలితోనో చూపుతోనో జవాబిస్తారు. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య 2016 వికలాంగుల చట్టం ఇచ్చిన హక్కు.

అపోహ: స్టెమ్‌సెల్ ఇంజెక్షన్‌తో పూర్తిగా నయమవుతుంది.
వాస్తవం: 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం సెరిబ్రల్ పాల్సీకి అది ఆమోదం పొందిన చికిత్స కాదు. దానికోసం పొలం అమ్ముకోకండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరిస్తుంది, అందులో థెరపీకీ వాటా ఉంది.

నాన్నలు, తాతలు, నాయనమ్మలకు ఒక్క మాట: ఈ పనంతా తల్లి ఒక్కర్తి మీదే వేయకండి. వీడియో కాల్ వచ్చినప్పుడు మీరూ పక్కన కూర్చుని నేర్చుకోండి. మీ వీధిలో మెడ నిలవని పసిబిడ్డ ఉంటే ఈ వారమే ఆశా కార్యకర్తకు చెప్పండి.