పసుపుకుంకుమల నేలలో ముండ్లకంప

ఆడుబిడ్డకు పెండ్లినాడు పసుపుకుంకుమల క్రింద కొంత భూమి నొసగు ఆచారము తెలుగునాట చిరకాలముగా నున్నది. ఆ నేల పుట్టినింటి యూర నుండును. దాని యజమానురాలు మెట్టినింట నుండును. కౌలుదారు దొరకినంతకాలము ఏటేట నాలుగు బస్తాల గింజలో, కొంత సొమ్మో చేతి కందును. అతడు వదలినచో చేను బీడగును. బీడైన చేనిలో మొట్టమొదట కాలుమోపునది సర్కారు తుమ్మ.

రాయలసీమవారు దీనిని కంపచెట్టనియు, చిల్లచెట్టనియు పిలుతురు. ఇది మన దేశపు చెట్టు కాదు. దీని జన్మస్థానము అమెరికా ఖండమందలి ఉష్ణప్రదేశములు. వంటచెఱకు కఱవు తీర్చుటకై నాటి మద్రాసు రాజధాని అటవీశాఖవారు దీని గింజలను తెప్పించి 1877 ప్రాంతమున కడప సీమయందలి కమలాపురమున నాటించిరి. వారి కోరిక తీరినది. ఎన్నియో పేదయిండ్ల పొయ్యిలు ఈ కట్టెతోనే మండినవి. కాని పొయ్యికొఱకు వచ్చిన చెట్టు పొలమును మ్రింగునని నాడెవరును తలంపలేదు.

మా మేనత్తకు ఆ ప్రాంతముననే మూడెకరముల మెట్టచేను కలదు. మామయ్య గతించిన పిమ్మట పదేండ్లు ఎవరును దానివంక చూడలేదు. కుమార్తె చదువునకై అమ్మదలచి పోయి చూచునప్పటికి చేను కానరాలేదు, హద్దురాళ్ళును కానరాలేదు. కొనవచ్చినవారు కంప తీయించు ఖర్చును ధరలో తగ్గింపుమనిరి. ప్రక్కచేని యాసామి హద్దు తన దిక్కునకు కాదు, ఆవలి దిక్కునకు జరుగవలెననెను. ఇంతలో బొగ్గులు కాల్చు వర్తకుడొకడు వచ్చి, "అమ్మా, మీకు పైసా ఖర్చు లేదు. కఱ్ఱ నేను గొనిపోవుదును, చేను మీకు శుభ్రము చేసి యిత్తును" అనెను. నెలనాళ్ళలో చేను తెల్లనయ్యెను. అత్తయ్య సంతోషించెను. రెండు వానలు కురియగానే ఒక్కొక్క మోటునకు పదేసి పిలకలు లేచినవి. మఱుసటి యేటికి మునుపటికంటె దట్టమైన పొద! "అమ్మాయీ, నేను కంప తీయించితి ననుకొంటిని గాని, కంపకు క్షౌరము చేయించితిని" అని ఆమె నాతో చెప్పి నవ్వినది. ఆ నవ్వులో దుఃఖమే యెక్కువ.

సోదరీమణులారా! ఈ చెట్టు ప్రాణము కొమ్మలలో లేదు; నేలకు కొంచెము దిగువను వేరుమొదట నున్నది. అచ్చటి మొగ్గలు మిగిలినంతవఱకు ఎన్నిమార్లు నఱకినను మరల చిగిర్చును. కావున కంప తీయించువారు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

మొదట హద్దులు. పట్టాదారు పాసు పుస్తకము తన పేర నున్నదో లేదో చూచుకొని, సర్వేయరుచేత కొలిపించి, హద్దురాళ్ళను వెదకించి నిలిపించుట మంచిది. కంప తీసిన పిదప వచ్చు తగవులకంటె ముందు వచ్చు తగవు మేలు.

రెండవది గుర్తు. తుమ్మలన్నియు ఒకటి గావు. మన నల్లతుమ్మకు పచ్చని బంతులవంటి పూవులును, పూసలు గ్రుచ్చినట్లుండు కాయలును ఉండును. సర్కారు తుమ్మ పూవులు పొడవైన కంకులు. కాయలు పసుపువన్నెతో చిక్కుడుకాయవలె నుండును. దసరానాడు మనము పూజించు జమ్మి దీనికి దగ్గఱి చుట్టమే. ఆకును చూచి భ్రమపడి దానిని కూల్చరాదు. కంపనడుమ చిక్కుకొన్న వేప, జమ్మి, రేగు మొదలగువానికి రంగుగుడ్డ కట్టించి, వానిని ముట్టవలదని కూలీలకు చెప్పవలెను.

మూడవది పెకలించుట. కాయలు పండి రాలకమునుపే కొమ్మలను నఱకించి, పట్టునకై రెండడుగుల మొదలును నిలిపియుంచవలెను. తొలకరికి నేల మెత్తబడగానే చుట్టును గునపముతో త్రవ్వి, అడుగు లోతున వేళ్ళను తెగగొట్టి మోటును తలక్రిందులు చేయవలెను. పెద్దమోళ్ళకు జేసీబీ యంత్రము తగును. లేతమొక్కలు తడినేలలో చేతితోనే ఊడివచ్చును. కఱ్ఱ వర్తకునికే యిచ్చుచో "వేళ్ళతో పెకలింపవలెను" అనుమాటను కాగితముపై వ్రాయించుకొని, ఆ పని ముగిసినగాని కఱ్ఱను బండి యెక్కనీయరాదు. మా యత్తయ్య మఱచిన దీ యొక్క మాటయే.

ముల్లు చెప్పును చీల్చుకొని దిగును. విఱిగి లోన నిలిచినచో చీముపట్టును. గట్టి బూట్లు లేనిదే ఎవరిని పనిలోనికి దింపరాదు. ముల్లు లోతుగ దిగినవారిని వైద్యునియొద్దకు గొనిపోయి ధనుర్వాతపు సూదిమందు విషయ మడుగవలెను.

ఇంతటితో పని ముగియదు. పసులును, మేకలును ఆ తీయని కాయలను తినును. గింజలు పేడలో చెడక వెలువడి మొలకెత్తును. నేలలోను గింజలు ఏండ్లతరబడి ప్రాణముతో నుండును. కావున మూడేండ్లపాటు వానవాన తరువాత చేను తిరిగి మొలకలను లాగవలెను. కంపలో మేసివచ్చిన మందను కొన్నాళ్ళవఱకు చేనిలో కట్టనీయరాదు.

కంప తీసిన నేలను ఖాళీగా విడిచినచో మఱియొక శత్రువు ప్రవేశించును. అది వయ్యారిభామ. క్యారెట్టు ఆకువంటి యాకు, తెల్లని చిన్నపూవులు గల ఈ కలుపును 1955లో పూనాయొద్ద గుర్తించిరి; నేడు దేశమంతట నున్నది. ఒక్క మొక్కకే వేలకొలది గింజలు. దీనిని తాకినవారిలో కొందఱికి చర్మము దురదపెట్టి పుండ్లుపడును. పుప్పొడివలన ఉబ్బసము రేగును. కలుపుతీయువారిలో స్త్రీలే యెక్కువగుటచే ఈ బాధ మనదే. పూవు పుట్టకమునుపే, చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ కట్టుకొని వేళ్ళతో లాగవలెను. ఉబ్బసము గలవారు ఆ పనికి పోరాదు. పూయని మొక్కలను గోతిలో వేసి ఎరువు చేసికొనవచ్చును.

ఈ రెంటికిని మంచి మందు పైరే. జనుమో, పిల్లిపెసరో, జొన్నయో చల్లి నేలను కప్పవలెను. గట్లవెంట తంగేడు పెంచినచో వయ్యారిభామను అణచును, బతుకమ్మకు పూవులునగును.

అత్తయ్య రెండవమాఱు అప్పుచేసి మోళ్ళను త్రవ్వించినది. మూడవయేట జొన్న వేయించినది. చేనమ్మలేదు, కౌలుసొమ్ముతో అప్పు కొంతకొంత తీర్చుచున్నది. కుమార్తె చదువునకు బ్యాంకు ఋణము తీసికొనిరి. ఇప్పటికిని వాన కురిసిన మఱునాడు ఊరికి పోయి, గట్టు చుట్టి, మొలక కనబడిన వంగి లాగును.

పుట్టినిల్లు ప్రేమతో నిచ్చిన నేల ఏ మూలనో పడియున్న సోదరి ఈ తొలకరికి ఒక్కమాఱు పోయి చూచిరావలెనని నా ప్రార్థన. నేల మనపేర నుండుట యొక యెత్తు. దానిలో మన యడుగు పడుట మఱియొక యెత్తు.