పుస్తకాల బీరువాలో ఎల్‌ఈడీ: ఎంత వెలుగు, ఎంతసేపు?

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కొత్తగా ఇల్లు కట్టుకునేవారు టీవీ గోడకూ పూజగదికీ పెట్టించే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లను పుస్తకాల బీరువాకూ పెట్టించుకోవాలని ముచ్చటపడటం సహజమే. పుస్తకాన్ని గౌరవించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1947లో మొదలైన ‘చందమామ’ వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి, ఆ పత్రికను దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, ఇద్దరూ తెనాలివారే. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం నూరేళ్లు దాటినా పాత పత్రికలను పదిలంగా కాపాడుతోంది. అలాంటి పాత సంచికలను బైండు చేయించి దాచుకున్న ఇళ్లూ ఉన్నాయి. వాటి నెత్తిన దీపం పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. బీరువాలోని దీపం పుస్తకాన్ని వెతుక్కోవడానికే. వెతకడం అయిపోగానే అది ఆరిపోవాలి. అలంకారం కోసం సాయంత్రమంతా వెలిగే దీపం పుస్తకానికి చేటు చేస్తుంది.

ఎందుకో చూద్దాం. వార్తాపత్రికల కాగితంలోనూ చౌక పత్రికల కాగితంలోనూ కలపగుజ్జుతో పాటు లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది. వెలుగు తగిలినప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి పసుపుపచ్చగా మారుతుంది. అట్టల మీది సిరాలదీ ఇదే కథ. సాధారణ అచ్చు రంగుల్లో ఎరుపు, పసుపు ముందుగా వెలిసిపోతాయి, నీలం చాలాకాలం నిలుస్తుంది. కిటికీ పక్కన ఏళ్లతరబడి నిలబెట్టిన పుస్తకాన్ని బయటికి తీసి చూడండి. ముందట్ట ఇంకా ఎర్రగానే ఉన్నా, వెలుగు పడిన వెన్ను మాత్రం నీలి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. ఈ నష్టం వడ్డీతో పెరిగే అప్పులాంటిది. రోజూ కొంత చేరుతుందే గానీ, దీపం ఆర్పినంత మాత్రాన పాత బాకీ తీరదు. అందుకే మ్యూజియంలవారు వెలుగును లక్స్‌లలోనూ, అది పడిన మొత్తాన్ని లక్స్-గంటలలోనూ లెక్కిస్తారు. వెలుగుకు తేలిగ్గా లొంగిపోయే రంగులున్న వస్తువుల మీద 50 లక్స్‌కు మించిన వెలుగు పడకూడదనీ, ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు దాటకూడదనీ అంతర్జాతీయ ప్రకాశ సంఘం సీఐఈ 2004లో సూచించింది.

ఈ కొలతతో మన బీరువాను చూద్దాం. మీటరుకు 400 ల్యూమెన్ల వెలుగునిచ్చే మామూలు స్ట్రిప్‌ను, పుస్తకాల వెన్నులకు సూటిగా 15 సెంటీమీటర్ల దూరంలో బిగిస్తే వాటిమీద పడే వెలుగు వెయ్యి లక్స్ దాకా చేరుతుంది. అది రోజుకు 4 గంటలు వెలిగితే ఏడాదికి 14,60,000 లక్స్-గంటలు. పై హద్దుకు దాదాపు వంద రెట్లు! అదే స్ట్రిప్‌ను డిమ్మర్‌తో 50 లక్స్‌కు తగ్గించి, రోజుకు అరగంట మాత్రమే వెలిగిస్తే లెక్క 9,125 దగ్గరే ఆగుతుంది. వెన్ను మీది పేరు చదువుకోవడానికి 50 లక్స్ చాలు. చదువుకునే దీపం వేరు, అది కుర్చీ పక్కన ఉండాలి.

ఎల్‌ఈడీలో అతినీలలోహిత కిరణాలు ఉండవు కదా, ఇక భయమెందుకు అని అడగవచ్చు. మొదటి మాట దాదాపు నిజమే. 2014లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన నీలి ఎల్‌ఈడీయే నేటి తెల్లని దీపాలకు మూలం. సుమారు 450 నానోమీటర్ల నీలి కాంతిని ఇచ్చే చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది, రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. అతినీలలోహిత భాగం నామమాత్రమే కాబట్టి పాతకాలపు ట్యూబ్‌లైటు కన్నా ఇది మేలు. కానీ కంటికి కనిపించే నీలి కాంతికీ రంగులను విరిచే శక్తి ఉంది. 6,500 కెల్విన్ల చల్లని తెలుపులో ఈ నీలి భాగం ఎక్కువ, 2,700 నుంచి 3,000 కెల్విన్ల వెచ్చని తెలుపులో తక్కువ. అందుకే డబ్బా మీద ‘వార్మ్ వైట్’ అని ఉన్నదాన్నే తీసుకోవాలి. రంగులు సహజంగా కనబడాలంటే, ఆ సహజత్వాన్ని కొలిచే సూచిక సీఆర్‌ఐ 90 ఉన్నది ఇంకా మంచిది.

ఎండతో పోలిస్తే ఈ దీపమెంత అన్నది మరో వాదన. అదీ న్యాయమే. కిటికీలోంచి నేరుగా పడే మధ్యాహ్నపు ఎండ పదివేల లక్స్‌లను సునాయాసంగా దాటుతుంది, రెండు గంటలు పడితే ఏడాది కోటా అయిపోయినట్లే. కాబట్టి పడమటి కిటికీకి కర్టెన్ వేయడం మొదటి పని, స్ట్రిప్ సంగతి తర్వాత. అయితే ఎండ కదిలిపోతుంది. దీపం మాత్రం పుస్తకానికి అంగుళాల దూరంలో, ఒకే చోట నిలిచి ఉంటుంది. అందువల్ల కర్టెన్ వేశాక మిగిలే పెద్ద లెక్క దీపానిదే. ఇక ‘మా ఇల్లు మ్యూజియం కాదు’ అనే మాటకు సమాధానం పుస్తకాన్ని బట్టి ఉంటుంది. దుకాణంలో దొరికే నవలకు వెలుగు తగిలినా కొంప మునగదు. మళ్లీ అచ్చుకాని పాత సంచికను మాత్రం దీపం లేని అడుగు అరలో ఉంచాలి.

దీపం వేడికి బీరువాలో చెమ్మ ఆరిపోతుందని మరికొందరి నమ్మకం. బాపట్ల, రేపల్లె సముద్రానికి దగ్గరవి, గాలిలో తేమ ఎక్కువ. సాపేక్ష ఆర్ద్రత 65–70 శాతం దాటితే కాగితానికి బూజు పట్టే ప్రమాదం ఉంది. ఎల్‌ఈడీ ఇచ్చే కాస్త వేడి ఆ తేమను తగ్గించదు సరికదా, పక్కనున్న కాగితంలో ఆమ్ల చర్యను కొంచెం వేగిరపరుస్తుంది. బీరువా వెనక గోడకు రెండంగుళాల ఖాళీ వదలడం, పొడిగా ఉన్న రోజుల్లో తలుపులు తెరిచిపెట్టడం, అదీ చెమ్మకు మందు. స్ట్రిప్ వేడి దాని వెనకవైపుకే పోతుంది కనుక దాన్ని అల్యూమినియం చానల్‌లో బిగించాలి. 12 వోల్టుల అడాప్టర్‌ను బీరువా బయట, గాలి తగిలేచోట పెట్టాలి. ఉప్పుగాలికి రాగి అతుకులు పచ్చబారతాయి గనుక సిలికాన్ పూత ఉన్న ఐపీ65 రకం స్ట్రిప్ మంచిది. దాన్ని అర ముందు అంచున, లోపలివైపు వాల్చి బిగిస్తే వెలుగు వెన్నుల మీద పడుతుంది, కంట్లో పొడవదు. తొలకరి సాయంత్రాల్లో దీపానికి ఉసిళ్లు చేరతాయి, ఆ పూటలకు స్విచ్ తీసేయడమే మేలు.

ఖర్చు కూడా ఈ వాదనకే సాయం వస్తుంది. మీటరుకు 5 వాట్ల చొప్పున నాలుగు మీటర్ల స్ట్రిప్ రోజుకు 4 గంటలు వెలిగితే ఏడాదికి సుమారు 29 యూనిట్లు, అరగంటకైతే నాలుగు యూనిట్లు కూడా కావు. స్ట్రిప్ కొనేటప్పుడే డిమ్మర్‌నూ, తలుపు మూయగానే దీపం ఆరిపోయే చిన్న స్విచ్‌నూ అడిగి పెట్టించుకోండి. ఇప్పటికే దీపం ఉన్నవారు ఈ రాత్రి పడుకునే ముందు దాన్ని ఆర్పండి, మీ పుస్తకాలు మీ మనవల చేతికి అందాలంటే ఇంతకన్నా చౌకైన జాగ్రత్త లేదు.