నీరు లేని వ్యవసాయమంత్రి

ప్రభుత్వముతో పోరాడక, దానితో సహకరించి, మెట్టుమెట్టుగ నధికారమును సంపాదించి దేశమునకు మేలు చేయవచ్చునను సిద్ధాంతమునకు మితవాదమని పేరు. దీనిని హేళన చేయుట సులభము. కాని తెలుగునాట నీ మార్గము ననుసరించినవారిలో విద్వాంసులును, నిష్కళంకచరిత్రులును పెక్కండ్రుండిరి. 1878లో హిందూపత్రికను స్థాపించిన ఆర్వురిలో నొకరును, 1914లో బెజవాడ ఆంధ్రమహాసభకు అధ్యక్షులును అయిన న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఈ కోవలోనివారే. అట్టివారి శీలమును విమర్శించుట మన యుద్దేశము కాదు. మితవాదమునకు మంత్రిపదవి చేకూరినపుడు ఆ పదవి రైతునకు ఎంతవరకు అక్కరకు వచ్చెనన్నదే విచారణీయము. ఇందుకు తగిన గీటురాయి కోనసీమ.

గౌతమికిని వసిష్ఠకును నడుమ, సముద్రమును ఆనుకొనియున్న ఈ లంకసీమ 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టతో సస్యశ్యామలమైనది. వైనతేయమును దాటించి రాజోలు వైపునకు నీటిని చేర్చుటకు గన్నవరమువద్ద అక్విడెక్టును కట్టిరి. అమలాపురమున గాని, కొత్తపేటయందు గాని రైతు సంవత్సరమంతయు రెండు విషయములపై ఆధారపడియుండెడిది: కాలువకు నీరెప్పుడు వదలుదురు? జమాబందీలో శిస్తెంత పడును? తక్కినవన్నియు వీని తరువాతివే.

1919 నాటి మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణలు మదరాసు రాజధానికి ద్వంద్వప్రభుత్వమును తెచ్చినవి. విద్య, వైద్యము, స్థానికపరిపాలన, వ్యవసాయము, పరిశ్రమలు మంత్రుల కప్పగింపబడినవి. భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు, కోశము మాత్రము శాసనసభకు బాధ్యతవహింపని గవర్నరు కార్యనిర్వాహకవర్గముచేతనే యుంచబడినవి. అనగా కోనసీమ రైతుయొక్క రెండు ప్రశ్నలును మంత్రుల గడప దాటి ఆవలనే నిలిచిపోయినవి.

ఇందొక విపరీతము గలదు. పల్లెటూళ్లలో వోటునకు అర్హత భూమినిబట్టియే యేర్పడినది. 10 రూపాయల శిస్తు పట్టా గలవాడు వోటరు. శిస్తు కట్టుచున్నాడు గనుకనే వానికి వోటు వచ్చినది. కాని ఆ వోటుతో గెలిచిన మంత్రి ఆ శిస్తును తాకజాలడు! దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడన్న సామెత దీనికే చెల్లును. 1920 ఎన్నికలలో 4 కోట్లకు పైబడిన జనులకు వోటరులు సుమారు పండ్రెండున్నర లక్షలు. వారిలోను వోటు వేసినవారు నాల్గవవంతు మాత్రమే. కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరింపగా, సంస్కరణలను నడిపి చూపుదుమని ముందుకువచ్చిన జస్టిసుపక్షము మంత్రిత్వమును వహించినది.

ఆ తొలి మంత్రులలో నొకరు గోదావరిమండలమువారైన కూర్మా వేంకటరెడ్డినాయుడుగారు. 1920 మొదలు 1923 వరకు వ్యవసాయ పరిశ్రమల శాఖలు వీరివి. 1924లో సంస్కరణల విచారణసంఘమువారికి వీరు చెప్పిన సంగతులు నేటికిని చదువదగినవి. తాము అడవులు లేని అభివృద్ధిమంత్రి. నీటిపారుదల లేని వ్యవసాయమంత్రి. రైతుల అప్పుల చట్టములతో తమకు నిమిత్తము లేదు. పరిశ్రమల శాఖయు తమదే, కాని ఫ్యాక్టరీలు, బాయిలర్లు, విద్యుత్తు, గనులు, కూలీల వ్యవహారము తమవి కావు. ఇది ప్రతిపక్షి వెక్కిరింపు కాదు; 1936లో కొంతకాలము గవర్నరు స్థానమునందు సైతము కూర్చున్న ప్రభుత్వమిత్రుని వాఙ్మూలము. ఆనకట్ట క్రింది మండలమునుండి వెళ్లిన వ్యవసాయమంత్రికి ఆనకట్ట నీటిపై అధికారము లేకపోయినది!

న్యాయము తప్పి మాట్లాడరాదు. చేతికందినంతలో ఆ మంత్రిత్వములు పనిచేసినవి. 1921లో స్త్రీలకు వోటుహక్కు లభించినది. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయపు చట్టము వచ్చినది. దేవస్థానముల ఆస్తులపై పర్యవేక్షణ యేర్పడినది. ఇవి స్వల్పములు కావు. అయినను, ఇచ్చిన గదులను అలంకరించుటతో సరిపుచ్చుకొన్నవాడు ఇంటి యజమాని కాజాలడు.

ఈ విధమైన మితవాదము మన దేశమునకే ప్రత్యేకము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున స్పెయిను దేశమునందు ఒక రాజకీయపక్షము మితవాదులను అర్థము గల పేరుతోనే వెలసినది. నర్వాయెజు సేనాని నాయకత్వమున వారు ఇసబెల్లా రాణి కొలువులో 1844 మొదలు పదియేండ్లు అధికారము నెరపిరి. 1837 రాజ్యాంగము సార్వభౌమత్వము జాతిదని చెప్పగా, వీరి 1845 రాజ్యాంగము దానిని రాణికిని పార్లమెంటుకును పంచిపెట్టెను. 1846 చట్టము ప్రకారము వోటునకు అర్హత 400 రెయాలుల పన్ను. నూటికి ఒక్కనికైన వోటు దక్కలేదు. పన్నుల పద్ధతి చక్కబడినది, విద్యాచట్టము వచ్చినది. మితవాదులు అచ్చటను కొంత మేలు చేయకపోలేదు. కాని మంత్రులను పిలుచునది రాణి, పంపివేయునది రాణి. ఆమె పిలిచిన మంత్రి ఎన్నికలు జరిపించి తనకు వలసిన సభను తెచ్చుకొనెడివాడు. ప్రజాభిప్రాయమునకు న్యాయమైన దారి మూసికొనిపోగా సైన్యపు తిరుగుబాటులే దారియైనవి. 1854లో మితవాదులు పడిపోయిరి. 1868లో రాణియే దేశము విడిచి ఫ్రాన్సునకు పోయినది.

మాడ్రిడులో రాణి అనుగ్రహమెట్టిదో మదరాసులో గవర్నరు అనుగ్రహమట్టిది. స్పెయిను మితవాదులు పట్టణాధిపతుల నియామకమును ప్రభుత్వపు చేతిలో నుంచుకొనిరి. మన మంత్రులును జిల్లాబోర్డులకు, తాలూకాబోర్డులకు నామినేషనుల ద్వారా పలుకుబడి గలవారిని తమవైపు త్రిప్పుకొనిరి. చేతిలో నిజమైన అధికారము లేనివాడు పదవులను పంచి పక్షమును నిలుపుకొనుట సహజమే. అందువలన కాలువ రేవులోని రైతునకు ఒరిగినదేమి?

ఇందుకు జవాబు 1920ల చివర వచ్చినది. గోదావరి, కృష్ణా డెల్టాలలో రీసెటిలుమెంటు పేర శిస్తును రూపాయకు 3 అణాలు, అనగా నూటికి 18¾ వంతు హెచ్చింప ప్రభుత్వము తలపెట్టినది. రైతులు సభలు చేసిరి, మహజరులు పంపిరి. మంత్రులకు సానుభూతి యుండవచ్చును. శాఖ వారిది కాదు. సరిగా ఆ కాలముననే, 1928లో, గుజరాతునందలి బార్డోలీ తాలూకా రైతులు వల్లభభాయి నాయకత్వమున పెంచిన శిస్తును చెల్లింపమని భీష్మించి కూర్చుండిరి. నూటికి 22 వంతుల హెచ్చింపు విచారణానంతరము సుమారు 6 వంతులకు దిగివచ్చినది. మంత్రులచేత కానిది ఒక్క తాలూకాచేత అయినది.

ఆ మంత్రిత్వముల అనుభవము లేనిదే 1937 నాటి రాష్ట్రస్వపరిపాలన వచ్చెడిది కాదని మితవాదుల వాదము. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయినను శిస్తును, నీటిపారుదలను మంత్రులచేతికి తెచ్చిన 1935 చట్టము వెనుక 1930 నాటి ఉప్పుసత్యాగ్రహమును, జైళ్లు నిండిన వేలకొలది జనులును గలరు. బల్లకు ఇటు కూర్చుండి అడుగువానికి బలము వెలుపల నిలిచినవారివలననే చేకూరును.

ఈ కథలో మన తప్పును మరువరాదు. 10 రూపాయల పట్టాదారుడు తనకు లేని అధికారమునుగూర్చి వగచెనే గాని, తన పొలములో ఊడ్చి కోసిన పాలికాపునకు, మాలపల్లె కూలికి వోటే లేదన్న సంగతి తలంపలేదు. నూటికి ముగ్గురి పక్షమున మాట్లాడు సభను ప్రభుత్వము లెక్కచేయకుండుటలో వింత యేమున్నది?

నేడు వయోజనులందరికిని వోటు గలదు. శిస్తును, కాలువను మంత్రుల యధీనముననే యున్నవి. అయినను 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి పొలములను బీడు పెట్టిరి. మురుగునీరు దిగకపోవుటయు, ధాన్యమునకు గిట్టుబాటు ధర లేకపోవుటయు వారు చెప్పిన కారణములలో నుండినవి. స్పెయినులో 1890లో పురుషులందరికిని వోటు వచ్చినను, గ్రామపెత్తందారులు ఫలితములను ముందే నిర్ణయించుచుండిరని చరిత్ర చెప్పుచున్నది. తాళపుచెవి మంత్రి చేతికి వచ్చినంతమాత్రమున తలుపు తెరచుకొనదు. గుర్రపుడెక్క నిండిన మురుగుకోడు గట్టుపై నిలిచి, ఈ పని యెవరిది, ఎప్పటికి పూర్తియగునని పట్టాదారుడును, కౌలుదారుడును, కూలియు ఒక్క గొంతుతో అడుగవలయును. వెనుకటి మంత్రి తనకు అధికారము లేదని నిజము చెప్పి తప్పుకొనగలిగెను. ఇప్పటి మంత్రికి ఆ వీలు లేదు. ఆ వీలును మనమే ఆయనకు కల్పింపకుండుట మన విధి.