కావలి కుక్కలు – ఎముకల రాచపుండు

కళ్లములో ధాన్యరాశి యున్నన్నాళ్లు రాత్రులు నిద్రలేక కావలి కాయునది కుక్క. ఎద్దు కుంటిన నాడే వైద్యునికై పరుగిడు మనము, కుక్క కుంటినచో ముల్లు గ్రుచ్చుకొన్నదనియో, ఎవరో రాయి విసరిరనియో తలచి యూరకుందుము. పెక్కుమారు లది నిజమే. కాని రెండు వారములు గడచినను తగ్గని కుంటు, అందును పెద్దజాతి కుక్కలయందు, ఎముకల రాచపుండునకు సూచన కావచ్చునని రైతులు గుర్తెఱుగవలయును.

కుక్కలకు ఎముకయందే పుట్టెడి క్యాన్సరులలో నూటికి 85 వంతులు ఆస్టియోసార్కోమా యనునదియే. భారీ శరీరముగల జాతులకు 7 ఏండ్ల ప్రాయమునను, ఆపైనను ఇది హెచ్చుగా వచ్చును. ఒకటిన్నర, రెండేండ్ల కుక్కలకును అప్పుడప్పుడు వచ్చుట కలదు. ముందుకాలిలో భుజముకడనో మణికట్టుకడనో, వెనుకకాలిలో మోకాలి చేరువనో గట్టివాపు కనబడును. ఇది అంటువ్యాధి కాదు. మనుష్యులకు గాని, పశువులకు గాని సోకదు.

వాపు కనబడగానే వాత పెట్టుట, నూనె రాచి గట్టిగా తోముట తగదు. ఈ వ్యాధి లోలోపల నెముకను తినివేయుచుండును గనుక కొలది యొత్తిడికే యది విఱుగవచ్చును. విఱిగినచో మరల నతుకుట దుర్లభము. మనుష్యులు వాడు నొప్పిమాత్ర లిచ్చుటయు ప్రమాదమే. వానివలన కుక్కకు కడుపులో పుండ్లు పడుటయు, మూత్రపిండములు చెడుటయు సంభవించును.

చేయవలసినదేమన, వెంటనే పశువైద్యశాలకు గొనిపోయి ఎక్సురే తీయింపవలయును. ఎముకనుండి చిన్నముక్క తీసి పరీక్షించి వ్యాధిని నిర్ధారింతురు. వ్యాధి సోకిన కాలు తీసివేసినచో ఆ నొప్పి తొలగును. మూడు కాళ్లతో నెట్లు బ్రదుకునని సందేహింప నక్కఱలేదు. తక్కిన కాళ్లు బాగుగానున్నచో కొలది వారములలోనే నడచును, పరుగెత్తును.

అయినను సభ్యులకడ నిజము దాచరాదు. వ్యాధి బయటపడునాటికే పదింట తొమ్మిది కుక్కలలో కంటికగపడని వ్యాధికణములు ఇతరావయవములకు, ముఖ్యముగా ఊపిరితిత్తులకు, చేరియుండును. కాలు మాత్రమే తీసివేసిన సాధారణముగా 4, 5 నెలలును, కార్బోప్లాటిను వంటి మందులు గూడ నెక్కించిన 10 మొదలు 12 నెలలును బ్రదుకును. అంత వ్యయము భరింపలేనివారు వైద్యుని యడిగి నొప్పి తగ్గించు మందులు వాడవచ్చును. బాధ మితిమీరినచో వైద్యునిచేతనే సునాయాసముగా ప్రాణము విడువజేయుటయు దయయే; ఊరివెలుపల వదలివచ్చుట కాదు.

సంఘసభ్యులు నెలకొకమారు తమ కుక్కల కాళ్లను తడవి చూచుకొనవలయునని కోరుచున్నాము.